ఎర్ర దారం కుట్టిన సీట్లు

శుక్రవారం, బోధన్

కోరికలను గెలవమని ఊరూరా గొంతు చించుకునేవాడా, ఒక కారు ముందు నీ గొంతు ఎటు పోయింది?

షోరూంలో ఒకే కారు రెండు రకాలు చూపించారు. ఒకటి మెత్తని సీట్లతో నిదానంగా సాగేది. రెండోది ఎర్ర దారం కుట్టిన గట్టి సీట్లతో దూకేది. రెంజల్ రోడ్డు మీద చెరుకు ట్రాక్టర్లను దాటుకుంటూ దూకేదాన్నే నడిపి చూశాను. వెనక సీట్లో అవ్వ, నన్ను కన్నతల్లి. ఏళ్ల తరబడి బీడీలు చుట్టి వంగిపోయిన నడుము ఆమెది. అసలు కారు కొంటున్నదే ఆమెను నెలనెలా నిజామాబాద్ ఆస్పత్రికి తీసుకెళ్లడానికి.

"ఎట్లున్నదవ్వా?"

"నీకు నచ్చింది గద బిడ్డా, తీస్కో."

నా భార్య లక్ష్మి ఊరుకోలేదు. "మైకు పట్టుకుంటె ఆశ సంపుకోండ్రంటవ్. గీ ఎర్ర దారం సూడంగనే నోరు తెరిసినవ్."

ఇంటికొచ్చి కళ్లు మూసుకుని, ప్రవచనాలకు చదివే గ్రంథం తెరిచాను, ఏ పేజీ వస్తే అదే దేవుని మాట అని. తల్లి సేవ గురించి వచ్చింది. వేలు జారిందనుకుని మళ్లీ తెరిచాను. మళ్లీ అలాంటిదే. మూడోసారి రథాల వేగం వచ్చింది. అక్కడ ఆపి, దూకేదే ఖాయమని షోరూంకు ఫోన్ చేశాను. రేపు పొద్దున్నే ఆర్డర్ పెడతారట.

పక్క గదిలో లక్ష్మి అవ్వ నడుముకు ఉప్పు మూటతో కాపడం పెడుతోంది. "మెల్లగనే, వాడు వింటడు" అంటోంది అవ్వ, మూలుగు ఆపుకుంటూ.

విన్నాను. రేపటికి వాయిదా వేస్తే మళ్లీ ఆ ఎర్ర దారమే గెలుస్తుంది. కలం కింద పెట్టు. ఫోన్ తీయి. ఈ రోజు దాటకముందే మెత్తని సీట్ల కారు కావాలని చెప్పు.