ఫ్రిజ్‌లో పెట్టిన సీసా

బుధవారం, రాత్రి

ఎదురింటి సుజాత యూనివర్సిటీలో పరిశోధన చేస్తోంది. పిడుగురాళ్ల సున్నం బట్టీల్లో పనిచేసినవాళ్ల మూత్రం కావాలని నిన్న నాకూ ఒక సీసా ఇచ్చింది. క్రొమటోగ్రఫీ మిషను అందులో కలిసి ఉన్నవాటిని వేటికవి విడదీస్తుందట. కిడ్నీలు చెడిపోయే గుర్తులుంటే ముందే దొరకవచ్చట.

తను వచ్చేదాకా సీసా చల్లగా ఉంచమంది. పొద్దున ఫ్రిజ్ తలుపు తీశానో లేదో మా ఆవిడ అడ్డం వచ్చింది.

"పెరుగు పక్కన అదేందయ్యా పెట్టేది? సిగ్గుండక్కర్లా?"

"సుజాత పెట్టమంది. కిడ్నీలు చూస్తారంట."

నాతోపాటు బట్టీలో చేసిన కోటయ్య కిడ్నీలు పాడయ్యే పోయాడు. అది గుర్తొచ్చిందేమో, పెరుగు గిన్నె తనే బయటికి తీసింది.

మధ్యాహ్నం సుజాత వచ్చి సీసా తీసుకుంది.

"తాతా, ఏదన్నా తేడా కనపడితే నీకు చెప్పమంటావా, వద్దా?"

నేను వద్దనే తల ఊపాను గానీ, తనకది ఊ అన్నట్టు కనపడిందేమో.

"సరే, చెప్తాలే" అని కాగితం మీద రాసుకుంది.

మా ఆవిడ పక్కనే నిలబడి ఉంది. ఆమె ముందు నోరు తెరిచి వద్దనలేకపోయాను.

రేపు వెళ్లి సుజాతకు వద్దని చెప్పవచ్చు. కానీ ఎందుకు వద్దని అడిగితే, భయమని చెప్పాలి.