బావి తేరుకుంది

అమ్మా,

మా వీధి బావిలోకి రంగునీళ్లు ఊరేలా చేసింది మా అద్దకం కార్ఖానా యజమానే. ఎన్ని కరపత్రాలు పంచినా ఉలకలేదు, పలకలేదు. నేనైతే కార్ఖానా అద్దాలు పగలగొట్టేవాణ్ని. ఆయన తెల్లచొక్కాలు ఉతకడానికి పక్కింటి అత్త మంచినీళ్లు దూరం నుంచి మోసేది. పోయిన నెల మొండికేసి, మా పిల్లలు స్నానం చేసే బావినీళ్లతోనే ఉతికి పంపింది. నీలమైన చొక్కా పట్టుకుని ఆయన ఊగిపోతూ వస్తే, "నేనేం కలపలేదు బాబూ, రంగు తమరిదే!" అంది. వీధంతా ఒకటే నవ్వు. తలకొట్టేసినట్టయి, రంగునీళ్లు బయటికి వదిలే గొట్టం మూయించాడు. భయపడకు, ఎవరి పనీ పోలేదు. ఇప్పుడు బావినీళ్లు నింపిన బకెట్లో అడుగు కనబడుతోంది.

దురద మందు ఇక పంపకు. చెల్లి దగ్గు తగ్గిందా? పూడిక తీయాలి, నాన్నను పార తెమ్మను. ఆదివారం పొద్దున ఏడింటికి అందరం బావి దగ్గర చేరుతున్నాం. మీరూ రండి. మొదటి చేద నువ్వే తోడాలి.