నా పేరు నన్ను చెప్పనీ

నారాయణఖేడ్,
శనివారం.

అమ్మకు,

నీ బిడ్డ దుర్గాభవాని దండం పెట్టి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ అమ్మమ్మ, నేను, బర్రె, దాని దూడ అందరం బాగున్నాం. నువ్వూ నాన్నా పట్నంలో కాపలా ఉంటున్న ఆ బిల్డింగు కాడ బాగున్నారని తలుస్తాను. మాకు తిండికీ నీళ్లకూ తక్కువేం లేదు. కోపం మాత్రం నాకు కొంచెం ఎక్కువైంది. ఈ ఉత్తరం నిండా అదే ఉంటుంది, ముందే చెప్తున్నా. పనంతా అయ్యాక, చాయ్ తాగి, నిమ్మళంగా కూర్చుని చదువు.

నేను ఫోన్ ఎత్తట్లేదని ఫకీర్ మియా చాచా కూరగాయల బండిలో చీటీ పంపావు. "ఫోన్ ఎందుకెత్తుతలేవు? పానం మంచిగ లేదా? ఎవరన్న ఏమన్న అన్నరా?" అని అడిగావు. పానం మంచిగానే ఉంది. ఎవరో ఏదో అన్న మాట నిజమే. ఆ సంగతి కిందికి పోయాక రాస్తాను. ముందు నువ్వడిగిన మిగతా వాటికి జవాబు చెప్పనీ.

అమ్మమ్మ మోకాలి నొప్పి అట్లాగే ఉంది. దవాఖానలో ఇచ్చిన మందు రాసుకోమంటే, "గా వాసనకు బర్రె నన్ను దగ్గరికి రానిస్తలేదే" అని గూట్లో పెట్టేసింది. కంది కొట్టించాం. ఈసారి కాయ తక్కువే గానీ గింజ మంచిగా పడింది. ఈ ఉత్తరంతో పాటే చాచా చేతికి పప్పు ఇస్తున్నా, పురుగు పట్టకముందే డబ్బాలో పోసుకో. నా డిగ్రీ పరీక్షల ఫీజు కట్టేశాను.

సంగారెడ్డిలో నత్తి చూసే నోటి డాక్టర్ దగ్గరికి పోయావా అని అడిగావు. పోయాను. ఆ మేడం నా పేరడిగింది. నేను చెప్పేదాకా కలం కింద పెట్టి ఊరుకుంది. గోడ వైపు చూడలేదు, గడియారం వైపు చూడలేదు, "పర్వాలేదమ్మా" అని కూడా అనలేదు. ఊరికే ఆగింది. నాకు ఏడుపొచ్చింది అమ్మా. ఇరవై రెండేళ్లొచ్చాయి, నా పేరు నా నోట్లోంచి పూర్తిగా బయటికి వచ్చేదాకా ఆగిన మనిషిని అప్పుడే చూశాను. శ్వాస ఎట్లా పట్టాలో, మాట మొదట్లో నాలుకను ఎట్లా వదులు చేయాలో నేర్పింది. "నువ్వు తొందరపడకు, ఎదుటివాళ్లనూ తొందర పెట్టనీయకు" అంది.

రెండోది ఎట్లా చేయాలో ఆమెకు తెలుసో లేదో గానీ, ఖేడ్‌లో మాత్రం ఎవరికీ తెలియదు. భాగోతంలో నా రాణి వేషం రవికె కంగ్టిలో ఒకామె కుడుతోంది. అది తెచ్చుకుందామని ఆటో అడ్డాకు పోయాను. "క..." అన్నానో లేదో, ఆటో అతను "కల్హేరా? ఎక్కెక్కు, ఒక్క సీటే ఉన్నది!" అని చెయ్యి పట్టి లోపల కుక్కాడు. కల్హేరు కాదు, కంగ్టి అని చెప్పేలోపల బండి ఊరు దాటింది. పక్కన కూర్చున్న పెద్దమనిషి, "పాపం, మూగపిల్ల" అని అందరికీ చెప్పి పెట్టాడు. మధ్యలో దిగి వెనక్కి నడిచి వచ్చా. మూగపిల్లనట! నా నోట్లో ఉన్నన్ని మాటలు ఆ ఆటోలో అందరికీ కలిపినా లేవు.

ఇగ ఆట సంగతికొస్తా. "ఆట మస్తు అయ్యిందని మీ మామ చెప్పిండు, నువ్వొక్క మాట చెప్పవైతివి" అని రాశావు. మామ చెప్పింది మామ చూసిన ఆట. నేను ఆడింది చెప్తా విను.

నీకు తెలుసు కదా, ఇన్నాళ్లూ మన మాణిక్యప్ప మామ మేళంలో ఆడవేషాలు కూడా మగవాళ్లే కట్టారు. ఈ ఏడు మామ తన బిడ్డ చందనను, నన్ను తీసుకున్నాడు. కంచుకోట రాణి రత్నగంధి వేషం నాకిచ్చాడు. జాలిపడి ఇచ్చాడనుకోకు. వానాకాలమంతా వాళ్ల వాకిట్లో అందరి గొంతులూ విని, "పాట ఎత్తుకుంటె గీ పిల్లది ఊరవతలికి ఇనిపిస్తది" అని నలుగురిలో అని ఇచ్చాడు. పాటలో నాకు ఎక్కడా తట్టుకోదు. వచనం దగ్గరే గొంతు పట్టేస్తుంది.

మన భాగోతంలో వేషం ఊరికే వచ్చి నిలబడదు. ఇద్దరు మనుషులు తెర అడ్డం పట్టుకుంటారు. దాని వెనక గజ్జెలు ఘల్లుమంటాయి. సూత్రధారి మొగులప్ప తాత తెరకు ఇవతల నుంచి, "ఎవరమ్మా నువ్వు? ఏ దేశమేలుతవు? నీ పేరేంది?" అని అడుగుతాడు. వేషం కట్టినవాళ్లు తమ నోటితో పేరు చెప్పుకుంటేనే తెర దించుతారు. నాకు లోకంలో అన్నిటికన్నా కష్టమైనది పేరు చెప్పడమే. కూరగాయల పేర్లు చెప్తాను, తిట్లయితే ఇంకా బాగా చెప్తాను, పేరడిగితే మాత్రం గొంతుకు తాళం పడుతుంది. అందుకే ఆ ఒక్క మాట కోసం ఎంత కష్టపడ్డానో నీకు తెలియదు. బర్రెకు చెప్పాను, బావికి చెప్పాను. గజ్జెకాలు ఒకసారి గట్టిగా వేసి, శ్వాస వదిలి, కాసేపు ఆగితే పేరు వస్తుందని కనిపెట్టాను. ఆలస్యమే గానీ వస్తుంది. మామకు చూపిస్తే మద్దెల మీద చెయ్యి వేసి, "రానియ్యి బిడ్డా. నువ్వొచ్చేదాంక మద్దెల వాయిస్తుంట" అన్నాడు. ఆ మాటకు నేను పొంగిపోయాను.

బోరంచ నల్లపోచమ్మకు కొబ్బరికాయ కొట్టి, ఆ పక్క ఊళ్లో ఎండ తగ్గాక ఆట మొదలుపెట్టాం. నా వంతు వచ్చింది. తెర పట్టారు. తాత అడిగాడు. కాలు వేశాను. శ్వాస వదిలాను. మద్దెల మోగుతోంది. "ర" నాలుక దగ్గరికి వచ్చింది అమ్మా, వచ్చేసింది. అంతలో నా వెనక నుంచి మైకులో, "కంచుకోటనేలే రాణిని! రత్నగంధి నా పేరు!" అని ఖంగుమని వినబడింది.

అది చందన గొంతు. చేతి మైకు పట్టుకుని నా వెనక నక్కి ఉంది.

తెర దించారు. జనం చప్పట్లు కొట్టారు. నేను నోరు తెరుచుకుని నిలబడ్డాను. కోపం ఎట్లా లేచిందంటే, మొహానికి వేసిన రంగు కరిగి కారుతుందేమో అనుకున్నా. వానాకాలం నుంచి నేను మోసిన మాట అది. నా నోటి ముందు నుంచి ఎత్తుకుపోయారు. పైగా నేనే చెప్పానని జనం చప్పట్లు!

పాట ఎత్తుకోమని మామ కళ్లతో సైగ చేశాడు. నేను ఎత్తుకోలేదు. చందన చేతిలో మైకు గుంజుకుని బంద్ చేశా. కింద పడిన తెర అంచు ఎత్తి ఆ ఇద్దరి చేతుల్లో పెట్టి, పట్టుకోమన్నాను. మొగులప్ప తాత వైపు చూసి, మళ్లీ అడగమని చేత్తో చెప్పాను. తాత పరేషాన్ అయిపోయాడు. "ఏందే పిల్లా, చెప్పినవు గద!" అన్నాడు. నేను కదల్లేదు. ఇగ చేసేది లేక మళ్లీ అడిగాడు, "ఎవరమ్మా నువ్వు?"

రాలేదు. కాలు వేశాను, రాలేదు. ఎవడో, "అరే, క్యాసెట్ ఇరికిందిరో!" అని అరిచాడు. అందరూ నవ్వారు. క్యాసెట్లు పోయి ఎన్నేళ్లయింది? ఈ వెక్కిరింపు మాత్రం పోదు. కొందరు లేచి మిర్చి బండి దగ్గరికి పోయారు. తెర పట్టినవాళ్ల చేతులు గుంజుతున్నట్టున్నాయి, బట్ట వణుకుతోంది. అప్పుడు ముందు కూర్చున్న ఒక ముసలమ్మ వెనక్కి తిరిగి, "నోరు మూస్తవా లేదురా? పిల్ల చెప్తనంటుంటె గింత ఆగరాదా?" అని వాణ్ణి గదిమింది. ఆమె ఎవరో నాకు తెలియదు, చల్లగా ఉండాలి.

మళ్లీ కాలు వేశాను. వచ్చింది. ముక్కలు ముక్కలుగా, మధ్యలో ఆగి, మళ్లీ అందుకుని, నా పేరు నేనే చెప్పుకున్నాను. తెర దిగింది. ఈసారి చప్పట్లు పల్చగా పడ్డాయి. పడితే పడ్డాయి, అవి నావి. ఆ తర్వాత నేను పాడిన పాటకు మిర్చి బండి దగ్గరికి పోయినవాళ్లు పొట్లాలు పట్టుకుని వెనక్కి వచ్చారు.

ఆట అయ్యాక చందన ఒక మూలకు నిలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. "నన్నెందుకు గట్ల జూస్తవ్? నాన్న చెప్పమన్నడు, నేను చెప్పిన" అంది. మామను నిలదీశాను. ఆయన తలపాగా విప్పి, దులిపి, మళ్లీ చుట్టి, ఆఖరికి చెప్పాడు. "మీ అమ్మనే ఫోన్ జేసింది బిడ్డా. ఏడ్చుకుంట చెప్పింది. 'అన్నా, నా బిడ్డ నలుగురిట్ల నవ్వులపాలైతది, వచనం చందనతోని చెప్పియ్యి, పిల్లకు తెల్వనియ్యకు' అన్నది. చెల్లె గట్ల ఏడిస్తె ఏమనాలె? మాటిచ్చిన."

ఇదమ్మా నేను ఫోన్ ఎత్తకపోవడానికి కారణం. ఎవరన్నా ఏమన్నా అన్నారా అని నీ చీటీలో అడిగావు చూడు, అన్నది నువ్వే. ఇది నీకు చెప్పాలా వద్దా అని ఇన్ని రోజులు కొట్టుకున్నాను. తెలియనట్టు ఉండిపోదామనే అనుకున్నా. నాతో కాలేదు.

నన్ను వెక్కిరించారని నల్లా కాడ బిందె పట్టుకుని కొట్లాడింది నువ్వే, నాకు తెలుసు. నేను బడికి పోనని మొండికేస్తే గేటు దాకా వచ్చి, గంట కొట్టేదాకా బయటే నిలబడింది కూడా నువ్వే. కానీ సారు నా పేరడిగితే నువ్వు చెప్పావు. దుకాణంలో సామాన్లు నువ్వు చెప్పావు. చుట్టాలు పలకరిస్తే, "మా పిల్లకు సిగ్గెక్కువ" అని నువ్వే చెప్పావు. నాకు సిగ్గెక్కడిదమ్మా? నాకున్నదంతా రోషమే. క్యాసెట్ ఇరికిందన్నవాడి మీద నాకు ఒక్క పూట కోపం. నీ మీద ఇంకా పోలేదు. వాడు నవ్వినా నా మాట నాకు మిగిలింది. నువ్వు నా మీది ప్రేమతో ఆ మాటే లేకుండా చేశావు. నా బిడ్డ వల్ల కాదు అని నువ్వే అనుకుంటే, ఇంకెవరు ఆగుతారు నా కోసం?

ఇట్లా రాస్తున్నందుకు ఏడవకు. ఏడ్చినా సరే, మొత్తం చదువు.

శివరాత్రి తెల్లారి సిర్గాపూర్‌లో మా ఆట ఉంది. మామ ఒకటే చెప్పాడు. "చెల్లెకు ఇచ్చిన మాట నేను తప్పను. నీ వచనం నువ్వే చెప్పుకోవాలంటె మీ అమ్మతోని నాకు చెప్పియ్యి. లేకుంటె నువ్వు పాట పాడు, వచనం చందన చెప్తది." నేను కూడా ఆయనకు చెప్పేశాను, చందన నోటితో అయితే నా కాలికి గజ్జె కట్టను అని. ఎంత ఇష్టమో నీకు తెలుసు ఆ గజ్జె అంటే. అయినా కట్టను. కాబట్టి మామకు ఫోన్ చెయ్యి. "నా బిడ్డ మాట నా బిడ్డనే చెప్పుకుంటది, ఎంత సేపయినా ఆగు" అని చెప్పు. ఆ ఒక్క మాట ఆయనతో నువ్వే అనాలి. నీ బదులు నేను చెప్తే ఆయన వినడు.

ఫోన్ చేసి ఊరుకోకు, ఆటకు రా. నాన్నను కాపలాకు ఉంచి నువ్వు బస్సెక్కి రా. వచ్చి వెనకెక్కడో కూర్చోకు, ముందే కూర్చో. నాకు మాట ఆగినప్పుడల్లా నా మాట నీ పెదవుల మీద కదులుతుంది అమ్మా. చిన్నప్పటి నుంచి చూస్తున్నాను, నువ్వు చూసుకోలేదు. ఆ రోజు కూడా నీ పెదవులు కదులుతాయి. కొంగు అడ్డం పెట్టుకో. కదలనీ, శబ్దం మాత్రం రానియ్యకు. నేను చెప్పేదాకా ఆగు.

ఇట్లు,
నీ కోపపు బిడ్డ,
దుర్గాభవాని.