మగవారికి వేరే చోట్లున్నాయి

ఫిబ్రవరి 3

చొక్కా ఎడమ జేబులో పెన్ను ఒత్తుకుంటోందనుకున్నాను. పెన్ను తీసేశాను. ఒత్తుడు పోలేదు.

ఫిబ్రవరి 4, ఉదయం 6.30

స్నానం చేస్తూ చూశాను. చనుమొన వెనక బఠాణీ గింజంత. గట్టిగా ఉంది. నొప్పి లేదు. నొప్పి లేకపోవడమే నచ్చలేదు. ఆమెకీ మొదట్లో నొప్పి లేదు.

ఆమె పోయి పద్నాలుగు నెలలు. భార్య జబ్బు భర్త ఒంట్లో కనిపించిందంటే ఎవరికైనా ఆ భర్త మీద అనుమానం రావాలి. నాకూ వచ్చింది. దిగులుకి మనిషి ఏమైనా ఊహించుకుంటాడు.

ఫిబ్రవరి 9

ఐదు రోజులు వరసగా చూశాను. ఒకే వేళకి, ఒకే చేత్తో. ఉద్యోగంలోనూ ఇదే పద్ధతి. కాటా అబద్ధం చెప్తోందని తేల్చాలంటే ఒక్క తూకం చాలదు.

ఈ రోజు మార్కెట్లో ఒకడి కాటా పళ్ళెం కింద అయస్కాంతం దొరికింది. గిట్టనివాళ్ళెవరో పెట్టారు సార్, మా పిల్లల మీద ఒట్టు అన్నాడు. తూనికల ఇన్‌స్పెక్టర్‌గా ఇరవై ఆరేళ్ళు. ఈ ఊళ్ళో అయస్కాంతాలన్నీ గిట్టనివాళ్ళవే.

గింజ ఉన్నచోటే ఉంది. ఊహ అయితే ఈపాటికి కాస్త అటూ ఇటూ జరిగేది.

ఫిబ్రవరి 12

జనరల్ ఆసుపత్రికి వెళ్ళాను. డాక్టరు కుర్రవాడు. చొక్కా విప్పమనలేదు. బట్ట పైనుంచే రెండు వేళ్ళతో నొక్కి, కొవ్వు సార్ అన్నాడు. ఈ వయసులో మగవాళ్ళకి మామూలేనట. పొద్దున్నే నడవమన్నాడు. నా భార్య దీంతోనే పోయిందన్నాను. అందుకే మీకలా అనిపిస్తోంది అన్నాడు జాలిగా.

మమోగ్రామ్ రాయమన్నాను. నవ్వాపుకుంటూ రాశాడు. ఆ మెషిన్ తమ దగ్గర లేదట. ఊరి మొత్తానికి ఒక్కటే ఉంది, మహిళా కేంద్రంలో. వాళ్ళు మిమ్మల్ని గడప తొక్కనిస్తే చేయించుకోండి అన్నాడు.

ఆ గడప సంగతి నాకు చెప్పక్కర్లేదు. కట్టించిందే నా భార్య.

ఫిబ్రవరి 13

గడ్డ తగిలాక ఆమె ఏడు నెలలు దాచింది. అప్పట్లో జనరల్ ఆసుపత్రిలో మెషిన్ నడిపేవాడు మా వీధివాడే. రోజూ ఎదురుపడే మనిషి ముందు బట్టలు విప్పలేక ఊరుకుంది. బయటపెట్టేసరికి అది చంకలోకి పాకింది. తర్వాత మందులు ఎక్కించని వారాల్లో నర్సక్కతో కలిసి ఇల్లిల్లూ తిరిగింది. నర్సక్క అంటే రిటైరైన హెడ్‌నర్సు. ఊరంతా ఆవిణ్ణి అలాగే పిలుస్తారు. ఇద్దరూ చందాలు పోగుచేసి, ఆసుపత్రివాళ్ళు మూలన పడేసిన మెషిన్‌ని బాగుచేయించి కేంద్రం తెరిచారు. తలుపు తీసేదగ్గర్నుంచి రిపోర్టు చేతికిచ్చేదాకా అందరూ ఆడవాళ్ళే.

ఏడు నెలలు నాకైనా ఎందుకు చెప్పలేదని నేనెప్పుడూ అడగలేదు. అడిగితే జవాబు చెప్తుందేమోనని.

ఫిబ్రవరి 16

కేంద్రానికి వెళ్ళాను. తలుపు మీద బోర్డు, నీలం అక్షరాలతో, మగవారికి ప్రవేశం లేదు. లోపలికి తల పెట్టాను. కౌంటర్ దగ్గరి అమ్మాయి నా వెనక్కి చూసి, మేడమ్ ఏరండీ అంది. నాకే అన్నాను. ఆ పిల్ల నవ్వలేదు, అది మెచ్చుకోవాలి. బెంచీల మీద మాటలు ఆగిపోయాయి. ఒకావిడ పైట సర్దుకుంది. ఇంకొకావిడ, దారి తప్పాడేమో పాపం అంది, నాకు వినపడేలా.

పిల్ల లోపలికి వెళ్ళి వచ్చింది. నర్సక్క ఊళ్ళో లేదట, గురువారం రమ్మంది. తలుపు సందులోంచి నర్సక్క బల్ల కనిపిస్తూనే ఉంది. దాని మీద ఆవిడ కళ్ళజోడు. పక్కన టీ కప్పు, పొగలు కక్కుతూ.

ఫిబ్రవరి 17

నర్సక్క మర్చిపోలేదు. ఎనిమిదేళ్ళ కిందట, గుమ్మంలో చెప్పులు వేసుకుంటున్న ఆవిడకి వినపడాలనే నా భార్యతో అన్నాను. మీ మహిళా సంఘం మీటింగులతో లోకం బాగుపడేలోగా ఈ ఇల్లు చల్లారిపోయేలా ఉంది అని. ఆ రోజు ఆవిడ నవ్వేసి వెళ్ళిపోయింది. అప్పటి నవ్వు మీద కూడా ఇప్పుడు అనుమానం.

ఫిబ్రవరి 20

నర్సక్క కూర్చోబెట్టింది. మరిదిగారూ అనే పిలిచింది. మొన్న ఊళ్ళోనే ఉన్నాను, మీకేం చెప్పాలో తెలియక దాక్కున్నాను అంది. ఇంత తేలిగ్గా ఒప్పుకునేవాళ్ళని నేను నమ్మను.

మీ ఒక్కరి కోసం తలుపు తీస్తే రేపటికల్లా ఊరంతా పాకుతుందట. మగాళ్ళు వస్తున్నారట అన్న ఒక్క మాట చాలు, సగం మంది మళ్ళీ గడ్డలు దాచుకుని ఇళ్ళలో కూర్చుంటారట. ఇది నా పట్టుదల కాదు, చూడండి అని మినిట్స్ పుస్తకం ముందు పెట్టింది. మూడేళ్ళ కిందటి పేజీ. మగవారికి ప్రవేశం లేదు అన్న తీర్మానం. కింద చర్చ. ఎవరో సభ్యురాలు, మగవాళ్ళకీ ఈ జబ్బు వస్తుందట కదా, అరుదుగానైనా అని అడిగింది. జవాబు ఒకటే వాక్యం. మగవారికి వేరే చోట్లున్నాయి.

రాత చూశాను. అక్షరాల వంపు, సిరా, సంతకం. తప్పుడు ముద్రలు పట్టుకోవడమే నా పని. అది ఆమె రాతే. జవాబిచ్చింది కూడా ఆమేనట.

ఫిబ్రవరి 20, సాయంత్రం 5

ఆమె మీద కోపం వచ్చింది. పోయాక ఇదే మొదటిసారి.

ఫిబ్రవరి 22

బావమరిది వచ్చాడు. ఆమెకు తమ్ముడు. బ్యాటరీల షాపు. కుర్ర డాక్టరు నా సంగతి జోకుగా ఎవరికో చెప్పాడట. ఆ జోకు తిరిగి తిరిగి బ్యాటరీ షాపు చేరింది.

వాడిది విడాకుల కేసు. కొడుకుని చూసి రెండేళ్ళయింది. షాపు వెనక గదిలో ఆదివారాలు మగవాళ్ళ హక్కుల సంఘం నడుపుతాడు. మగాడు చస్తే వార్త కూడా కాదు బావా, నిన్ను వార్త చేస్తాను అన్నాడు. కేంద్రం బోర్డు కింద నేను నిలబడాలట. విలేకరి ఫోటో తీస్తాడట. చొక్కా పైగుండీ విప్పుకుని దీనంగా చూస్తే చాలట. మీ అక్క పెట్టిన బోర్డురా అది అన్నాను. అక్కయినా తప్పు తప్పే బావా అన్నాడు.

వాడికి నేను కావాలా, ఫోటో కావాలా?

ఫిబ్రవరి 23

అయినా సంఘానికి వెళ్ళాను. కోపం తీసుకెళ్ళింది. పదకొండు మంది. ఒకాయన కూతుర్ని కోర్టు హాల్లో గంటసేపు చూడనిస్తారట, ఎదురుగా కానిస్టేబుల్ని కూర్చోబెట్టి. ఆయన అబద్ధం చెప్పడం లేదు. ఒకాయనకి ఉద్యోగం పోయిన సంగతి ఇంట్లో తెలియదు. రోజూ క్యారియర్ పట్టుకుని పార్కుకి వెళ్తాడు. అదీ నిజమే. ఈ మాటలు చెప్పుకోవడానికి వాళ్ళకి బ్యాటరీల గది తప్ప వేరే చోటు లేదు.

ఒక ప్రశ్న అడిగాను. మీలో ఎవరైనా డాక్టరుకి ఒళ్ళు చూపించుకుని ఎన్నాళ్ళయిందని. ఒక్క చెయ్యీ లేవలేదు. మనకేంటి గురూ, గుండ్రాళ్ళలా ఉన్నాం అన్నాడొకడు. అందరూ నవ్వారు. మమ్మల్ని ఎవరూ పట్టించుకోరని గంటన్నర చెప్పుకున్నారు. మనల్ని మనం పట్టించుకోవడం అజెండాలో లేదు.

ఫోటో వద్దన్నాను.

ఫిబ్రవరి 25

ఉతకడానికి వేసిన చొక్కా జేబులో డాక్టరు చీటీ. మా అమ్మాయి చూసింది. డిగ్రీ రెండో సంవత్సరం. అరవలేదు. ఎన్ని రోజులైంది అని మాత్రం అడిగింది. ఇరవై రెండు అన్నాను. అమ్మా ఇలాగే చేసింది, ఇప్పుడు నువ్వా అంది. పక్క గదిలోకి వెళ్ళింది. ఫోన్లో ఏదో చదువుకుని తిరిగొచ్చింది. ఇది తండ్రి వైపు నుంచి కూడా పిల్లలకి వస్తుందట, అమ్మ వైపుది ఎలాగూ ఉంది, అది నీ ఒక్కడి గడ్డ కాదు నాన్నా అంది.

ఇన్ని రోజులూ అందరినీ అనుమానించాను. అమ్మాయి గురించి ఆలోచనే రాలేదు.

ఫిబ్రవరి 26

అమ్మాయి నర్సక్క దగ్గరికి వెళ్ళింది. ఏం మాట్లాడిందో చెప్పలేదు. గొంతు బొంగురుపోయింది.

ఫిబ్రవరి 28

కమిటీ కూర్చుందట. నలుగురు సరే, ముగ్గురు వద్దు. సోమవారం ఉదయం ఎనిమిదికి, కేంద్రం తెరవకముందే, జనరేటర్ పక్కనున్న వెనక తలుపులోంచి రమ్మన్నారు. దొంగలా వెనక తలుపేమిటి అని ఫోన్లోనే అడిగాను. ముందు తలుపు మీ ఆవిడ మూసింది మరిదిగారూ, నేను తీయను, వెనక తలుపు గురించి ఆవిడేమీ రాయలేదు అంది నర్సక్క.

నవ్వొచ్చింది. ఫోన్ పెట్టేదాకా ఆపుకున్నాను.

మార్చి 3

కౌంటర్ పిల్ల కంప్యూటర్లో నా వివరాలు ఎక్కించింది. చివరి నెలసరి తేదీ అనే గడి ఉంది. అది నింపకపోతే తర్వాతి పేజీకి పోదు. సున్నాలు కొట్టింది, ఒప్పుకోలేదు. ఏదో ఒక తేదీ చెప్పండి అంకుల్ అంది, తెరలోకి చూస్తూ. ఉద్యోగంలో ఇంతవరకు తప్పుడు అంకె రాయలేదు. ఈ రోజు రాయించాను. ఎంతమంది పిల్లలకి పాలిచ్చారు అన్నదానికి మాత్రం సున్నా ఒప్పుకుంది.

మెషిన్ దగ్గరి అమ్మాయి చేతులు చల్లగా ఉన్నాయి. పలకలు బిగించడానికి చాలినంత కండ లేదని నాలుగుసార్లు ప్రయత్నించింది. ఊపిరి బిగబట్టండి అంది. నా భార్య కూడా ఇక్కడే నిలబడి ఉంటుంది, ఇదే పలక మీద, ఇలాగే ఊపిరి బిగబట్టి.

చొక్కా గుండీలు పెట్టుకుంటూ బయటికి వచ్చాను. ముందు గదిలో ఒకావిడ కూర్చుని ఉంది. యాభై దాటి ఉంటాయి. ఏదో ఫ్యాక్టరీ యూనిఫాం. డ్యూటీకి పోయేలోగా చూపించుకోవాలని ముందుగా వచ్చిందట. తలుపు ఎవరు తీశారో. నన్ను చూసింది. గుండీల మీద ఉన్న నా చేతులు చూసింది. సంచీ గుండెలకి అదుముకుని లేచి వెళ్ళిపోయింది. నర్సక్క చెప్పులైనా లేకుండా గేటు దాకా పరిగెత్తింది. ఒంటరిగా తిరిగొచ్చింది.

ఆవిణ్ణి రప్పించడానికి ఐదు నెలలు పట్టిందట. అది కూడా కౌంటర్ పిల్ల చెప్పింది. నర్సక్క నన్నొక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

మార్చి 4

ఆమె రాసింది తప్పు కాదు. నేను వెళ్ళడమూ తప్పు కాదు. పొద్దుట్నుంచీ ఇక్కడే ఆగిపోయాను.

మార్చి 11

కొవ్వు కాదు. సూదితో తీసి చూశారు. అదే. రెండు సెంటీమీటర్లకి తక్కువ. చంకలోకి పోలేదు. ఇంకో ఆరు నెలలు నడుచుకుంటూ కూర్చుని ఉంటే పోయేదని సర్జన్ అన్నాడు. కుర్ర డాక్టరు వరండాలో ఎదురయ్యాడు. నేను విప్పి చూడాల్సింది సార్ అన్నాడు. సరే అన్నాను. దాటాక వెనక్కి తిరిగి చూశాను. గదిలో ఎవరో పెద్దాయన్ని చొక్కా విప్పమంటున్నాడు.

సాయంత్రం బావమరిది వచ్చాడు. ఫోటో ఊసెత్తలేదు. తలుపు గడియ పెట్టి, చొక్కా విప్పి, ఒకసారి చూడు బావా అన్నాడు. చూశాను. ఏమీ లేదు. సరిగ్గా చూశావా, మళ్ళీ చూడు అన్నాడు. మళ్ళీ చూశాను. చొక్కా వేసుకుని, అక్క నాకూ చెప్పలేదు బావా అన్నాడు.

మార్చి 19

ఆపరేషన్ అయింది. ఎడమ వైపు చదును.

మార్చి 30

కుట్లు తీశారు. జబ్బు వంశపారంపర్యంగా వచ్చే వీలుందేమోనని తీసిన అమ్మాయి రక్తం రిపోర్టు కూడా వచ్చింది. ఏమీ లేదు. పేరు, వయసు, తేదీ మూడుసార్లు సరిచూశాను.

నర్సక్కకి ఫోన్ చేసి ఆ ఫ్యాక్టరీ ఆవిడ మళ్ళీ వచ్చిందా అని అడిగాను. రాలేదు. ఎక్కడుంటుందో చెప్పమన్నాను. ఏం, మీరు వెళ్ళి బతిమాలతారా, మగవాళ్ళకి వివరాలు ఇవ్వం మరిదిగారూ అంది. ఇవ్వదని తెలిసే అడిగాను.

అమ్మాయి పక్కనే కూర్చుని వింది.

ఏప్రిల్ 6

అమ్మాయి రోజూ సాయంత్రం ఎక్కడికో వెళ్ళి వస్తోంది. లైబ్రరీ అంటోంది. లైబ్రరీ ఆరింటికే మూసేస్తారు.

ఏప్రిల్ 9

ఈ రోజు భోజనాల దగ్గర అమ్మాయే ఎత్తింది. ఆవిడ వచ్చిందట, పరీక్ష చేయించుకుందట, ఏమీ లేదట. ఇక ఆ దిగులు వదిలెయ్ నాన్నా అంది.

అబద్ధం చెప్పే ముందు తను మంచినీళ్ళు తాగుతుంది. చిన్నప్పట్నుంచీ అంతే. ఈ రోజు గ్లాసు ఖాళీ చేసి చెప్పింది.

హమ్మయ్య అన్నాను.

తినడం కాగానే చెప్పులు వేసుకుంది. ఎక్కడికని అడగలేదు.