కోట గోడ మీద వాసంతి

మాదాపూర్,
జూన్ 1999

ఆదర్శ్‌కి,

ఆ కరేబియన్ దీవిలో బ్యాంకు కంప్యూటర్లను రెండు వేల సంవత్సరానికి సిద్ధం చేయమని మీ కంపెనీ పంపిస్తే, సెలవు రోజున కొండెక్కి తెల్లదొరల పాడుబడ్డ కోట చూశావన్నమాట. ఫోటో అందింది. మీ నాన్నగారు చూసి, "వెస్టిండీస్ అంటే క్రికెట్టే అనుకున్నాను అల్లుడుగారూ, కోటలు కూడా ఉన్నాయే!" అన్నారు. ఫిరంగి బాగుందన్నారు. నీ అదృష్టం, కళ్లజోడు పెట్టుకోలేదు.

నీ వెనక గోడ మీద బొగ్గుతో 'ఆదర్శ్ - వాసంతి' అని ఉంది. గోల్కొండకి వెళ్లినవాళ్లు చేసే పనే నువ్వూ చేశావు. ఆ దీవిలో తెలుగు చదివేవాళ్లు లేరని ధైర్యం కాబోలు. మరి దాని ముందే నిలబడి ఫోటో తీయించుకుని, చదివేవాళ్లకే పంపావేమయ్యా?

శ్రావణంలో మీ నాన్నగారు నీకు చూసిన ఏలూరు సంబంధం వాళ్లకు మాట ఇవ్వబోతున్నారు. అందుకని నిన్న మీ అక్కా నేనూ మీ ఆఫీసు వాసంతి ఉండే హాస్టల్‌కి వెళ్లి ఫోటో చూపించాం. ఆ అమ్మాయి చాలాసేపు చూసింది.

"నాతో ఒక్క మాట అనకుండా గోడకి చెప్పుకున్నారా?" అంది.

"ఇప్పుడు మేం చెప్పాంగా" అంది మీ అక్క.

"మీరు కాదండీ, ఆయన చెప్పాలి."

కోపంగానే అంది. ఫోటో మాత్రం మాకు తిరిగివ్వలేదు.

హాస్టల్ ఫోన్ నంబరు ఈ ఉత్తరం వెనక రాశాను. ముందు అక్కడికి చెయ్యి, మీ నాన్నగారికి తర్వాత.

బావ