గురుస్వామి ఇంటి దాగలి

ఆళ్లగడ్డ,
జూన్ 4

ప్రియమైన చెల్లెలు హేమకు,

ఫోన్ ఎత్తడం లేదని నా మీద కోపం పెట్టుకోకు. పోలీసులు వింటున్నారని నా అనుమానం. అందుకే ఈ కాగితం నంద్యాల బస్సు కండక్టరు చేతికిచ్చి పంపుతున్నాను. నువ్వూ అలాగే పంపు.

నాయన పోయి నెల దాటింది. కొలిమిలో నెత్తురు కడిగాను గానీ గోడకు పట్టింది పోలేదు. సున్నం కొడదామని మీ వదిన అంటుంది, నేను వద్దన్నాను. ఆయన సమ్మెటతోనే ఆయన తల పగలగొట్టారు హేమా. కుడి దవడ ఉండాల్సిన చోట ఏమీ లేదు. డాక్టరు నన్ను బయటికి పొమ్మన్నాడు, నేను పోలేదు. నిలబడి చూశాను. నువ్వు చూడకపోవడమే మేలైంది.

నాయనను చంపి, ఎర్రగా కాల్చిన ఇనుము పెట్టి కొట్టే మన దాగలి ఎత్తుకుపోయారు. ఎస్సైని అడిగితే "పాత ఇనుము దొంగలప్పా, యాడికి పోతారు, దొరుకుతార్లే" అని టీ తాగుతాడు. ఇనుప దిమ్మె కోసం మనిషిని చంపుతారా అన్నాను. బెంగుళూరోళ్ళు ఇంట్లో అలంకారానికి పాత దాగలి అంటే పడి చస్తున్నారని ఆయనే చెప్పాడు. ఈ ఊరి శిల్పుల ఉలులన్నీ ఆ దిమ్మె మీదే పదునెక్కాయి. ఇప్పుడు వాళ్ళు నా ముఖం చూడలేక వేరే కొలిమికి పోతున్నారు.

నువ్వు పని చేసే పాత సామాన్ల షాపుకు అలాంటివి వస్తుంటాయి గదా. మనది వస్తే, తెచ్చినవాడి పేరు రాయి చాలు. వాడి తల తీస్తాను. దాగలి లేకపోయినా బండ మీద పెట్టే సాగగొట్టి వేటకొడవలి చేసుకున్నాను. వంకరగా వచ్చింది గానీ తెగుతుంది. మీ వదినకు చెప్పకు.

పాప సిరి నిన్ను అడుగుతూ ఉంది. ఆరోగ్యం జాగ్రత్త తల్లీ.

నీ అన్న,
మద్దిలేటి


నంద్యాల,
జూన్ 19

ప్రియమైన అన్నకు,

నీ ఉత్తరం చదివి రెండు పూటలు అన్నం మింగలేకపోయాను. నాయన పోయినందుకు ఒక ఏడుపు, నువ్వు కూడా పోతావేమోనని ఇంకో ఏడుపు. ఆ కొడవలి బావిలో వెయ్యి. నీ కాళ్ళు పట్టుకుంటాను.

నిన్న మా షాపుకు ఒక దాగలి వచ్చింది. గుమ్మంలో దించుతుంటేనే పరిగెత్తి చూశాను. సైజు అచ్చం మనదే. యజమాని ఎటూ లెక్క తేల్చమంటాడు కాబట్టి ముందు నేనే కూర్చున్నాను. తుప్పు కొంచెం గీకితే పక్కన మూడు అంకెలు బయటపడ్డాయి: ఒకటి, రెండు, పద్నాలుగు. అది పాతకాలం బరువు లెక్క. మొదటి అంకె నూటపన్నెండు పౌన్లది, రెండోది అందులో పావువంతులది, మూడోది విడి పౌన్లు. అంతా కలిపితే మన కిలోల్లో ఎనభై దాటుతుంది. స్టీలు గుండు పైనుంచి వదిలితే బాగా ఎగిరింది, అంటే పైన ఉక్కు పలక ఇంకా గట్టిగా ఉంది. మధ్యలో మాత్రం పళ్ళెంలా గుంట పడింది. యజమాని మిషన్ పెట్టి చదును చేయిస్తానంటే పోట్లాడి ఆపాను. అరగదీస్తే పలక పలచబడి ధర సగానికి పడిపోతుంది.

అన్నా, అది మనది కాదు. దాని పక్కన ఇంగ్లండ్ అని దేశం పేరు అచ్చుపోసి ఉంది. దేశం పేరు ఉంటే సుమారు 1910 తర్వాతి సరుకని మా షాపులో లెక్క. మనది నంద్యాల రైలు లైను వేసే రోజుల్లో తాతల తాతకు దొర ఇచ్చింది కదా. దానికీ దీనికీ కనీసం ఇరవై ఏళ్ళ తేడా ఉంది. అది చూశాకే నాకు ఊపిరి వచ్చింది.

తెచ్చినాయన పాపం పాములపాడు రైతు, గురుస్వామి అని. వాళ్ళ ఊరి కమ్మరి వారసులు లేకుండా పోతే, ఈయన తెచ్చి గుమ్మం ముందు వేసుకున్నాడట. "మా ఇంటామె దాని మీద బట్టలు ఉతుకుతాది మేడమ్. దీనికి దుడ్లు ఇస్తారా?" అని నవ్వాడు. ఇలాంటివి ఊరికొకటి ఉంటాయి. ప్రతి దాన్నీ మనదే అనుకుంటే పిచ్చెక్కుతుంది. పోలీసుల పని పోలీసులను చేయనివ్వు.

వదినకు నమస్కారాలు, సిరికి ముద్దులు.

నీ చెల్లెలు,
హేమలత


ఆళ్లగడ్డ,
జూన్ 20

ప్రియమైన హేమకు,

అది మనదే.

ఆడపిల్లవని నీకు చెప్పలేదు. తాతల తాత దాగలికి నా చిన్నప్పుడే ముక్కు విరిగింది. నాయన దాన్ని రహస్యంగా పూడ్చిపెట్టి, గుంతకల్లు పాత ఇనుములో ఇంకోటి కొని, ఎడ్లబండిలో గడ్డి కప్పి తెచ్చాడు. దొర ఇచ్చిన దాగలి అనే గొప్ప పోతే శిల్పులు మన గడప తొక్కరని ఆయన భయం. ఆ కొత్తదాని పక్కన ఇంగ్లండ్ అని ఉండేది. ప్రతి ఆయుధపూజకూ ఆ వైపే పసుపు దట్టంగా మెత్తేవాడు. మెత్తి మెత్తి అక్షరాలు కనపడకుండా చేశాడు. ఆ సంగతి ఆయనకూ నాకూ తప్ప మూడో మనిషికి తెలియదు.

కమ్మరి చచ్చిపోయాడని, బట్టలు ఉతుకుతారని వాడు నీ చెవిలో బాగానే పూలు పెట్టాడు. నీ ముందు నవ్వింది మన నాయన దవడ ఎగరగొట్టినవాడు.

ఇప్పుడే పాములపాడు పోతున్నాను. నీ మీద కోపం లేదు. నువ్వు పేరు రాశావు, నాకది చాలు.

నీ అన్న,
మద్దిలేటి


నంద్యాల,
ఆగస్టు 2

కడప జైల్లో ఉన్న మా అన్న మద్దిలేటికి,

ప్రియమైన అని రాయడానికి చెయ్యి రాలేదు. అయినా నువ్వు నాకు ప్రియమైనవాడివే, అదే నా ఖర్మ.

ఆ రోజు నీ ఉత్తరం కండక్టరు నాకు ఇచ్చేసరికి మా షాపు టీవీలో గురుస్వామిని చూపిస్తున్నారు. మీద దుప్పటి కప్పారు గానీ ఒక చెయ్యి బయటే ఉంది, దానికి వేళ్ళు లేవు. మడికి నీళ్ళు కడుతున్నవాడు నిన్ను చూసి "ఎవురప్పా నువ్వు? నేనేం జేసినా?" అని అడిగాడట. నీ కొడవలి సరిగా తెగక మెడ మీద మళ్ళీ మళ్ళీ వేశావని పక్క చేను ఆమె పోలీసులకు చెప్పింది. కోర్టులో పోలీసులు అది చదువుతుంటే వదిన లేచి బయటికి పోయింది.

సోమవారం నాయన దాగలి దొరికింది. బేతంచెర్ల దగ్గర పాడుబడ్డ నాపరాళ్ళ గుంతలో నీళ్ళు తోడించి బయటికి తీశారు. నాయనను చంపిన ఇద్దరూ బండల లారీ మీద పనిచేసేవాళ్ళు. తాగిన మత్తులో కొట్టుకుని వాళ్ళే పట్టుబడ్డారు. పేపర్లలో గోల చూసి, అమ్మడానికి భయపడి గుంతలో తోసేశారట. గుర్తుపట్టమని నన్ను పిలిచారు. నువ్వు రాసింది నిజమే, దాని మీద కూడా ఇంగ్లండ్ అని ఉంది. ఆ అక్షరాల సందుల్లో ఇంకా పసుపు ఉంది.

ఒకే కంపెనీ అలాంటివి వేలు చేసి అమ్మింది అన్నా. ఆ అక్షరాలు ఉంటే వయసు తెలుస్తుంది, ఎవరిదో తెలియదు. ఎవరిదో తెలిసేది అరుగుడును బట్టి. గురుస్వామి దాగలి మధ్యలో గుంట పడిందని నీకు రాశాను. అది నాగలి కర్రులు కొట్టిన అరుగుడు. నాయన ఎడమచేతి వాటం మనిషి, బతుకంతా ఉలులే కొట్టాడు. మన దాగలి ఒక అంచున మాత్రమే నున్నగా అరిగింది, మధ్య భాగం కొత్తదానిలా ఉంది. ఆయన ఎదురుగా నిలబడి ఇరవై ఏళ్ళు సమ్మెట వేసిన నీకు ఇది తెలియదా? తెలుసు. నువ్వు అక్షరాల ముక్క దగ్గరే చదవడం ఆపేశావు. గురుస్వామి మంచివాడని చూపించడానికి నేను పేరు రాశాను. నా మీద నాకే అసహ్యంగా ఉంది.

నిన్న గురుస్వామి కొడుకు సాల్మన్ రాజు మా షాపుకు వచ్చాడు. పాతికేళ్ళు ఉంటాయి. వాళ్ళ దాగలి తీసుకుపోవడానికి వచ్చాడేమో అనుకుని బయట పెట్టించాను. దాని వైపు చూడనేలేదు. "మీ అన్న బెయిల్ ఎప్పుడక్కా?" అని మెల్లగా అడిగాడు. అక్కా అన్నాడు. నాకు తెలియదన్నాను. "పర్లేదు, నేను ఈడనే ఉంటా. మా యమ్మ కృపావతి చెప్పింది, ఆడోళ్ళ జోలికి, పిల్లల జోలికి పోవద్దని. నాకు మీ అన్న ఒక్కడు చాలు" అన్నాడు. ఇప్పుడు కూడా ఎదురుగా బస్టాపులో కూర్చుని ఉన్నాడు. మధ్యాహ్నం నేనే మంచినీళ్ళు పంపాను, తాగాడు.

మన లాయరు నీ బెయిల్ కాగితాలు తయారు చేశాడు. వదినా నేనూ మాట్లాడుకున్నాం. వాటిని కోర్టులో వేయొద్దని చెప్పేశాం. నీ మీద కక్షతో కాదు. నువ్వు చావకూడదు, ఆ పిల్లోడు నీలా కాకూడదు. నాయన ఎప్పుడు వస్తాడని సిరి అడిగితే ఏం చెప్పాలో మేమే చూసుకుంటాం. నువ్వు లోపలే ఉండు.

హేమ