ఖాళీ లేని పెట్టె

చెల్లీ,

నేను ఉత్తరం రాయడమేమిటని నవ్వుకుంటావు. నా రాతంతా రోజువారీ పుస్తకంలోనే కదా: ఏ బోరులోంచి ఎన్ని రాతి కడ్డీలు వచ్చాయి, ఏ పెట్టెలో సర్దాను. ఈ భూగర్భ పరిశోధన సంస్థలో పంతొమ్మిదేళ్లుగా అదే నా పని. చదివి కాదు, సర్దుతూ సర్దుతూ రాయి గురించి నేర్చుకున్నాను.

నువ్వు పాఠాలు చెప్పే బడికి కొత్త భవనం కట్టేచోట, నేల గట్టిదో కాదో చూడడానికి బోరు వేసి తీసిన కడ్డీలు నా చేతికే వచ్చాయి. సున్నపురాయి. ఇరవై నుంచి ఇరవై అయిదు మీటర్ల లోతులో, రెండు మీటర్ల మేర రాయే లేదు. గుల్ల. దానిమీద భవనం లేపితే కుంగిపోతుంది. పెట్టెలో అరకో మీటరు చొప్పున సర్ది, రాయి లేనిచోట అంత పొడుగు చెక్కముక్క పెడతాం, చూసేవాళ్లకు తెలియాలని. పెట్టాను.

డైరెక్టరుగారు చూసి, "ఆ చెక్కలు తీసెయ్యవయ్యా. రాళ్లు మూడు అరల పెట్టెలోకి మార్చు, నిండుగా కనబడాలి" అన్నారు. బడి కట్టించేది విశ్వవిద్యాలయం. మా సంస్థ ఉన్నదీ దాని నీడలోనే. "అలాగే సార్" అన్నాను. మార్చాను.

అప్పటినుంచి ఈ చేతులతో ముద్ద కలపాలంటే రోత. ఎవరొచ్చి అడిగినా నేల సంగతి ఉన్నదున్నట్టు చెప్పడానికి ప్రభుత్వం పెట్టిన సంస్థ ఇది. గుమ్మం మీద ఆ మాటే రాసి ఉంది. రోజూ ఆ బోర్డు తుడిచేదీ నేనే.

నా నోరు పెగలదు. ఎవరినైనా పంపు. పెట్టె చూపించమని అడిగితే కాదనడానికి వీల్లేదు.

నీ అన్నయ్య

చెల్లీ,

నువ్వు పంపిన టైలరమ్మ, అదే, మీ బడిలో పిల్లల్ని చదివిస్తున్నావిడ, మెడలో టేపు వేలాడుతుండగానే వచ్చింది. డైరెక్టరుగారు నవ్వుతూ పెట్టె తెరిపించారు.

"చూడమ్మా, ఎక్కడైనా ఖాళీ ఉందా?"

ఆమె మూత చదివింది. "ఇరవై నుంచి ఇరవై అయిదు అంటే అయిదు మీటర్లే కదా సార్?"

పెట్టె మార్చినా, అలవాటుకొద్దీ మూత మీద అసలు లోతే రాసేశాను. ఆయన అది చదవనేలేదు.

ఆమె టేపు పరిచి అరలన్నీ కొలిచింది. "మూడే ఉంది. అయిదు మీటర్ల గుడ్డ తీసుకుని మూడే చూపిస్తే నన్ను చెప్పుతో కొడతారు. మిగతా రెండూ ఎవరు నొక్కేశారు?"

"సర్దినవాడి పొరపాటయ్యుంటుంది" అని ఆయన నావైపు చూశారు. అంత నిదానంగా, అంత దయగా!

బల్లకింద దాచిన చెక్కముక్కలు తెచ్చి ఆయన ముందు పెట్టాను. "మీరు తియ్యమన్నారు. తీశాను."

టైలరమ్మ నన్నూ వదల్లేదు. "చెల్లెలు ఆ బడిలోనే ఉందని తెలిసి కూడా తీశావా అన్నా? చెల్లెలు లేకపోతే మా పిల్లల సంగతి నీకు పట్టేదా?"

మొదట కడ్డీలు సర్దిన రోజు పుస్తకంలో రాసుకున్నదానికి నకలు రాసి, సంతకం పెట్టి ఆమెకిచ్చాను. పునాది పని ఆపేశారని నీకీపాటికి తెలిసే ఉంటుంది. నన్ను రేపటినుంచి రావద్దన్నారు.

వచ్చేముందు రాళ్లను మళ్లీ అయిదు అరల్లో సర్ది, చెక్కలు వాటిచోట పెట్టాను. టైలరమ్మ అడిగినదాన్ని మాత్రం ఎక్కడ సర్దాలో తెలియడం లేదు.

అన్నయ్య